బొమ్మ, గుర్రం కలరింగ్ పేజీలు పిల్లల చేతికి సరిపోయేలా తయారు చేసుకోవడం ఎలా?

మా పాపకు నాలుగేళ్లప్పుడు ఒకే సాయంత్రం ముప్పై కలరింగ్ పేజీలు ప్రింట్ తీశాను. అన్నీ తనకిష్టమైన బొమ్మలు, గుర్రాలే. మొదటి పేజీలో బొమ్మ గౌను సగం దాకా వేసింది. రెండో దాంట్లో గుర్రం తోక ఒక్కటీ వేసి పక్కన పెట్టింది. మూడోది చేతిలోకి తీసుకుని, "అమ్మా, ఇందులో చాలా ఉంది" అంది. అప్పుడు ఆ పేజీని నేను మళ్లీ చూశాను. గౌను నిండా చిట్టి పూలు, లేసు అంచులు, కుచ్చులు. ఒక్కో ఖాళీ గోరంత కూడా లేదు. నాకు ముద్దొచ్చిన పేజీ తెచ్చాను గానీ, తన చేతికి పట్టే పేజీ తేలేదు.

మర్నాడు తన గుడ్డ బొమ్మనే కాగితం మీద పడుకోబెట్టి, చుట్టూ మార్కర్‌తో గీసి, కళ్లూ నోరూ గౌను అంచూ పెట్టి ఇచ్చాను. చాలాసేపు దాని ముందు నుంచి లేవలేదు. అప్పటి నుంచి పేజీ నెట్ నుంచి దించుకున్నా, నేనే గీసినా ముందు గీత చూస్తాను, ఆ తర్వాతే బొమ్మ చూస్తాను. ఆ పద్ధతే ఇక్కడ మొదటి నుంచి చెబుతాను.

ముందు పిల్లల చేతిని చూడండి

రెండు మూడేళ్ల పిల్లలు క్రేయాన్‌ను గుప్పిట్లో పట్టుకుని, భుజం మొత్తం కదిలిస్తూ గీస్తారు. వాళ్లకిచ్చే పేజీలో గీత 3, 4 మిల్లీమీటర్ల లావు ఉండాలి. పేజీ మొత్తానికి ఒక్క బొమ్మ చాలు. రంగు వేయాల్సిన ఖాళీలు కూడా ఐదారుకు మించక్కర్లేదు: జుట్టు, మొహం, గౌను, చేతులు, బూట్లు. లావు గీత వల్ల ఇంకో మేలుంది. క్రేయాన్ కొంచెం అదుపు తప్పినా ఆ నలుపులోనే కలిసిపోతుంది, గీత దాటినట్టు కనబడదు. బాగా వేశానన్న సంతోషంతో ఇంకో పేజీ అడుగుతారు.

నాలుగైదేళ్లకు గీత 2 మిల్లీమీటర్లకు తగ్గించవచ్చు. గుర్రానికి జీను, కళ్లెం, బొమ్మ జడకు రిబ్బను లాంటివి చేర్చవచ్చు. ఆరేడేళ్లు వచ్చేసరికి వెనకాల కంచె, చెట్టు, మేఘం కూడా కావాలంటారు. ఎనిమిది దాటినవాళ్లకు సన్నగీత ఇవ్వండి, జూలులో పాయలు కనిపించాలి, లేకపోతే చిన్నపిల్లల పేజీ ఇచ్చారని అలుగుతారు.

ఇవన్నీ నా అంచనాలు. ఒక్కో పిల్ల చెయ్యి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వయసు కంటే నేను నమ్మే పరీక్ష ఒకటుంది. ప్రింట్ తీసిన పేజీలో అన్నిటికన్నా చిన్న ఖాళీ మీద పిల్లల బొటనవేలు పెట్టి చూడండి. వేలు పూర్తిగా బయటికి వచ్చేస్తుంటే ఆ పేజీని కొన్నాళ్లు దాచిపెట్టండి. ఫోన్ తెరమీద చూసి నిర్ణయించుకోవద్దు. చిన్న తెరమీద ప్రతి బొమ్మా ముద్దుగానే ఉంటుంది.

దించుకునేటప్పుడు

వెతికితే వచ్చే చిన్న చిత్రాన్ని అలాగే సేవ్ చేస్తే, ప్రింట్‌లో గుర్రం వీపు మెట్లు మెట్లుగా వస్తుంది. చిత్రం ఉన్న పేజీ తెరిచి పూర్తి సైజుది తీసుకోండి. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, దాన్ని నింపడానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. లావు గీతల బొమ్మకైతే అందులో సగం, అంటే 1240 × 1754 ఉన్నా చక్కగానే వస్తుంది. పీడీఎఫ్ దొరికితే అదే తీసుకోండి. చిత్రంగానే దొరికితే జేపీజీ కన్నా పీఎన్‌జీ నయం. జేపీజీలో నల్లగీత పక్కన బూడిదరంగు మరకలు చేరతాయి, తెల్ల కాగితం మీద అవి మురికిలా కనిపిస్తాయి.

పెద్ద అక్షరాలతో మెరిసే "డౌన్‌లోడ్" బటన్లలో చాలావరకు ప్రకటనలే. కలరింగ్ పేజీ కోసం ఏ ప్రోగ్రామూ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అలా అడిగితే ఆ పేజీ మూసేయండి. ఉచితమని రాసి ఉన్నా, ఏ వాడకానికి ఉచితమో ఒకసారి చదవండి. చాలామంది చిత్రకారులు ఇంట్లో, తరగతి గదిలో వాడుకోనిస్తారు గానీ అమ్ముకోనివ్వరు. పేరున్న కార్టూన్ బొమ్మల హక్కులు ఆయా కంపెనీలవి. వాటితో పుస్తకం కుట్టి అమ్మడం లాంటి ఆలోచన వద్దు.

గుర్రం సరిగ్గా ఉందా?

బొమ్మను ఎలా గీసినా అది బొమ్మే. గుర్రం అలా కాదు. దాని కాళ్లు తప్పు గీస్తే కుక్కలాగో, కుర్చీలాగో తయారవుతుంది. పిల్లలు పదే పదే చూసే చిత్రం కదా, సరైనదే చూపించాలని నాకు పట్టుదల.

వెనక కాలు చూడండి. మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు ఉంటుంది. దాన్ని మనం మోకాలు అనుకుంటాం, నిజానికి అది మన మడమ ఉండే చోటు. అసలు మోకాలు పైన పొట్ట పక్కనే ఉంటుంది. ముందు కాలి మధ్యలో మోకాల్లా కనిపించేది మన మణికట్టుతో సమానం. గుర్రం ఒక్కో కాలికీ ఒక్క వేలి చివర మీద నిలబడుతుంది, ఆ వేలి గోరే గిట్ట. కాబట్టి వెనక కాలి కీలు వెనక్కి, ముందు కాలి కీలు ముందుకి ఉబికి ఉంటే ఆ గుర్రం గీసినవాళ్లకు గుర్రం తెలుసన్నమాట.

పరుగెత్తే గుర్రాల్లో ఇంకో తేడా ఉంది. ముందు కాళ్లు ముందుకీ, వెనక కాళ్లు వెనక్కీ చాచి గాల్లో తేలే గుర్రాన్ని చాలా పేజీల్లో చూస్తాం. పాతకాలపు చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని అలాగే వేసేవారు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం నిజంగానే ఉందని తేలింది, కానీ అప్పుడు కాళ్లు చాచి లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. రెండు రకాల పేజీలూ పక్కపక్కన పెట్టి "వీటిలో నిజం గుర్రం ఏది?" అని అడిగి చూడండి, ఆరేడేళ్ల పిల్లలు దీని మీద భలే వాదిస్తారు.

మీరే గీయాలంటే: బొమ్మ

బొమ్మలు గీయడం రాదన్న టెన్షన్ అక్కర్లేదు. ఇక్కడ చేసేది అచ్చు తీయడమే. పిల్లలు రోజూ ఎత్తుకుని తిరిగే బొమ్మనే తీసుకోండి.

బొమ్మ మెత్తగా, పలచగా ఉంటే నేరుగా కాగితం మీద పడుకోబెట్టండి. చేతులు, కాళ్లు ఒంటికి అతుక్కోకుండా కాస్త ఎడంగా పెట్టండి. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. పెన్సిల్ బొమ్మ కిందికి వాలితే గీసిన బొమ్మ సన్నబడుతుంది, బయటికి వాలితే లావెక్కుతుంది.

బొమ్మ గట్టిదైతే, దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఫోన్‌ను బొమ్మ ఎత్తుకే దించి ఎదురుగా ఫొటో తీయండి. పైనుంచి తీస్తే తల పెద్దదై కాళ్లు చిన్నవవుతాయి. ఫొటోను ప్రింట్ తీసి పగటిపూట కిటికీ అద్దానికి అంటించి, దాని మీద తెల్ల కాగితం పెడితే గీతలన్నీ కనిపిస్తాయి. పెన్సిల్‌తో అచ్చు తీయండి.

ఆ తర్వాత చేసే పనే అసలైనది, గీతలు తీసేయడం. జుట్టును వెంట్రుకలుగా కాకుండా మూడు నాలుగు పాయలుగా మార్చండి. వేళ్లన్నీ కలిపి బొటనవేలు మాత్రం విడిగా ఉంచండి. గౌను మడతలు రెండు చాలు. తీసేయకూడనివి కూడా ఉన్నాయి. మా పాప గుడ్డ బొమ్మకు ఒక కంటి బొత్తాం ఊడిపోయింది, మోచేతి దగ్గర వేరే రంగు గుడ్డతో అతుకు ఉంది. ఆ రెండూ గీశాను. పేజీ చేతికివ్వగానే ముందు ఆ అతుకు మీద వేలు పెట్టి, "ఇది మన బుజ్జి!" అంది. దించుకున్న ఏ పేజీ చూసీ ఆ మాట అనలేదు.

మీరే గీయాలంటే: గుర్రం

కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. పెన్సిల్‌తో తేలిగ్గా ఒకే సైజు వృత్తాలు రెండు గీయండి. ఒకటి గుర్రం ఛాతీ, ఇంకోటి పిరుదు. రెంటి మధ్య ఇంకో వృత్తం పట్టేంత చోటుకు కాస్త తక్కువ ఉంచండి. పైన రెంటినీ కలిపే గీత మధ్యలో కొద్దిగా వంగాలి, అదే వీపు. కింది గీత ముందునుంచి వెనక్కి పోతూ కొంచెం పైకి లేవాలి, అది పొట్ట.

ఛాతీ నుంచి పైకి, ముందుకు వాలుతూ మెడ గీయండి. మొదట్లో వెడల్పుగా, తల దగ్గర సన్నగా. చాలామంది మెడను గొట్టంలా గీస్తారు, అప్పుడది ఒంటెలా అయిపోతుంది. తల పొడుగాటి గుడ్డు ఆకారం, మూతి దగ్గర చిన్న వృత్తం. ఛాతీ నుంచి పిరుదు దాకా ఉన్న పొడవు దాదాపు రెండున్నర తలలు, ఈ ఒక్క కొలత గుర్తుంచుకుంటే గుర్రం తేడా రాదు. కన్ను తలకు పక్కన, కొంచెం పైగా. చెవులు చిన్నవి, నిటారుగా.

కాళ్ల పొడవు సుమారుగా ఒంటి మందమంత, కాస్త ఎక్కువైనా పరవాలేదు. ముందు కాళ్లు తిన్నగా కిందికి, మధ్యలో కీలు దగ్గర చిన్న ఉబ్బు. వెనక కాళ్లకు మూడు మలుపులు: తొడ ముందుకి వచ్చి, అక్కడి నుంచి వెనక్కి పోయి, కీలు దగ్గర నుంచి తిన్నగా నేలకు దిగాలి. ఈ మూడు గీతలూ నెమ్మదిగా గీయండి. రెండు మూడు సార్లు చెరపాల్సి వస్తుంది, నాకు ఇప్పటికీ వస్తుంది. గిట్ట బోర్లించిన కప్పులా, పైన సన్నగా, కింద వెడల్పుగా. జూలు నాలుగైదు పెద్ద పాయలు. తోక పిరుదు పైభాగం నుంచి మొదలవ్వాలి, మధ్యనుంచి కాదు.

బొమ్మ గుర్రమెక్కి ఉండాలంటే వీపు నడిమధ్యలో కూర్చోబెట్టకండి. మెడ వీపుతో కలిసే చోటికి కాస్త వెనకగా కూర్చోవాలి. మనకు ఒక్క కాలే కనిపిస్తుంది, అది గుర్రం పొట్ట మీదుగా కిందికి వేలాడుతుంది. ఆ కాలు ఉన్న చోట పొట్ట గీత చెరిపేయండి, లేకపోతే పిల్లలు "ఇది కాలా, పొట్టా?" అని అడుగుతారు.

అంతా నచ్చాక నల్ల మార్కర్‌తో పెన్సిల్ మీద దిద్దండి. ప్రతి ఖాళీ చుట్టూ గీత మూసుకుని ఉండాలి. టాబ్లెట్‌లో రంగు నింపే యాప్ వాడితే చిన్న సందు ఉన్నా చాలు, గుర్రం రంగు ఆకాశం దాకా పారుతుంది. మార్కర్ బాగా ఆరాకే రబ్బరు పట్టండి. ఫోన్‌లోని స్కానింగ్ యాప్‌తో నీడ పడకుండా పగటి వెలుగులో స్కాన్ చేసి, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి పీడీఎఫ్‌గా దాచుకోండి. ఇక ఎన్ని కాపీలైనా మీవే. గీతలు ఇంకా నున్నగా కావాలంటే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లో "ట్రేస్ బిట్‌మ్యాప్" వాడండి, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు.

ప్రింట్ తీయడం

మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) కాగితం క్రేయాన్స్‌కు, కలర్ పెన్సిళ్లకు సరిపోతుంది. స్కెచ్ పెన్ దాని మీద వెనక్కి దిగుతుంది, కింద పాత కాగితం ఒకటి పెట్టండి. వాటర్ కలర్‌కైతే 160 జీఎస్ఎం పైబడినది తీసుకోండి, పలచటి కాగితం తడికి వంకర్లు తిరుగుతుంది. మందం పెంచే ముందు మీ ప్రింటర్ ఎంతవరకు తీసుకుంటుందో దాని పుస్తకంలో చూడండి.

ఇక ఇంకు సంగతి. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో వాడేది నీటి ఇంకు. చాలా ప్రింటర్లలో నల్లగీత మీద తడి తగిలితే కరుగుతుంది. పసుపు స్కెచ్ పెన్‌తో జూలు వేస్తుంటే పెన్ను మొన నల్లబడి, ఆ తర్వాత వేసిందంతా బురదరంగులోకి తిరుగుతుంది. పిల్లలకు అది ఎందుకైందో తెలియక ఏడుస్తారు. లేజర్ ప్రింటర్‌లోనూ, జిరాక్స్‌లోనూ వాడేది పొడి. దాన్ని వేడితో కాగితానికి అంటిస్తారు కాబట్టి తడికి కరగదు. ఇంట్లో ఇంక్‌జెట్టే ఉంటే ఒక్క కాపీ తీసి, దాన్ని జిరాక్స్ చేయించి ఆ కాపీలే వాడండి. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే ప్రింట్ మూలలోని గీత మీద తడివేలితో రుద్దండి, వెంటనే తెలిసిపోతుంది.

ప్రింట్ నొక్కే ముందు మూడే మూడు చూసుకోండి. నిలబడ్డ బొమ్మకు పోర్ట్రెయిట్ (నిలువు), గుర్రానికి ల్యాండ్‌స్కేప్ (అడ్డం). "ఫిట్ టు పేజ్" పెట్టకపోతే చెవులో గిట్టలో తెగిపోతాయి. రంగు బదులు "గ్రేస్కేల్" ఎంచుకోండి. ముందు ఒక్కటే తీసి చూడండి, బాగుంటే మిగతావి.

ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒక పెద్ద గుర్రం చేయండి. పీడీఎఫ్‌లు తెరిచే అడోబ్ అక్రోబాట్ రీడర్ ప్రింట్ విండోలో "పోస్టర్" అని ఉంటుంది. స్కేల్ 200 శాతానికి కాస్త తక్కువగా పెట్టి ప్రివ్యూ చూస్తూ సర్దితే ఒకే చిత్రం 4 ఏ4 కాగితాల్లోకి వస్తుంది. వెనక టేప్ అంటించి నేలమీద పరిస్తే ఒకరు తలవైపు, ఒకరు తోకవైపు కూర్చుంటారు, గొడవ తక్కువ.

రంగులు వేసేటప్పుడు

కాగితం నాలుగు మూలలా టేప్ అంటించండి. చిన్నపిల్లలకు రెండో చెయ్యి కాగితాన్ని పట్టుకోవడం ఇంకా అలవాటు కాదు, కాగితం జరిగితే విసుగొస్తుంది. విరిగిన క్రేయాన్ ముక్కలు పారేయొద్దు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్క గుప్పిట్లో ఇమడదు, దానంతటదే వేళ్ల చివరికి వస్తుంది. పెన్సిల్ పట్టు అలవాటు కావడానికి అవే మంచివి.

మైనం క్రేయాన్స్‌తో లేత రంగు ముందు, ముదురు తర్వాత. ఒంటి మీద వెంట్రుకలు ఎటు పోతాయో అటే గీయమనండి: మెడ మీద కిందికి, పొట్ట మీద అడ్డంగా, కాళ్ల మీద నిలువుగా. ఈ చిన్న మార్పుకే గుర్రానికి ప్రాణం వస్తుంది.

నిజం గుర్రాల రంగులు అడిగేవాళ్లకు కొన్ని: ఒళ్లంతా గోధుమరంగు, జూలూ తోకా కాళ్ల కింది భాగమూ నలుపు. ఒళ్లూ జూలూ రెండూ ఎర్రమట్టి రంగు. బంగారు ఒళ్లు, తెల్ల జూలు. నుదుటి నుంచి ముక్కు దాకా తెల్ల పట్టె వదలవచ్చు, కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టు వదలవచ్చు. తెల్లగా కనిపించే గుర్రాల్లో చాలావరకు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి, వాటి చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. అందుకే ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ బూడిదరంగు వేసి, పొట్ట కింద లేత నీలం నీడ పెడితే తెల్ల గుర్రం సిద్ధం. నీలం గుర్రం కావాలంటే నీలమే వేయనివ్వండి, దిద్దొద్దు.

బొమ్మ మొహానికి "ఒంటి రంగు" అని ఒక్క లేత గులాబీ క్రేయాన్ చూపించకండి. గోధుమరంగు తేలిగ్గా వేసి దాని మీద నారింజ, పసుపు రుద్దితే ఎన్నో ఛాయలు వస్తాయి. పిల్లలు తమ చెయ్యి పేజీ పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ వేస్తే చూడటానికి ఎంత బాగుంటుందో.

వేసిన పేజీతో ఇంకేం చేయవచ్చు?

నిలబడే గుర్రం చాలా సులువు. కాస్త మందపాటి కాగితాన్ని సగానికి మడిచి, గుర్రం వీపు మడతకు తగిలేలా గీయండి. రెండు పొరలూ కలిపి కత్తిరించండి, వీపు దగ్గర మడతను మాత్రం కత్తిరించవద్దు. మెడ, తోక మడత దాటి పైకి రాకూడదు కాబట్టి గడ్డి మేస్తూ తల వంచిన గుర్రమైతే సరిగ్గా కుదురుతుంది. కాళ్లు కొంచెం విడదీస్తే బల్ల మీద నిలబడుతుంది.

బొమ్మను అట్ట మీద అంటించి కత్తిరిస్తే గౌన్లు మార్చవచ్చు. ఆ బొమ్మను ఖాళీ కాగితం మీద పెట్టి భుజాల నుంచి మోకాళ్ల దాకా అచ్చు తీసి, కొంచెం వెడల్పు చేసి గౌను గీయండి. భుజాల దగ్గర, నడుము పక్కన సెంటీమీటరున్నర పొడవు పట్టీలు వదిలి కత్తిరించి, వెనక్కి మడవండి. గౌను ఏ రంగులో ఉండాలో పిల్లలే చూసుకుంటారు.

పేజీ పూర్తయ్యాక వెనకవైపు తేదీ, వయసు, గుర్రానికి వాళ్లు పెట్టిన పేరు రాసి ఫైల్లో పెట్టండి. పేరు మాత్రం వాళ్లు పలికినట్టే రాయండి. మా ఇంట్లో మొదటి పేజీ వెనక "బుజ్జి, ఒక కన్ను నిద్దరపోయింది" అని ఉంది. ఊడిన బొత్తాం ఉన్న వైపు పాప రంగు వేయలేదు, ఎందుకని అడిగితే చెప్పిన మాట అది.